అడవి మంటలు: శాటిలైట్ చూస్తుంది, ఆర్పేది కాలినడకన వెళ్ళే మనిషి

క్లుప్తంగా: అడవి మంటల వార్తల్లో అలర్టుల లెక్కలు, శాటిలైట్లు, హెలికాప్టర్లు ఎక్కువగా కనిపిస్తాయి. మంట ఎంత దూరం పాకుతుందో తేల్చేది మాత్రం రెండు నెలల ముందు ఆ బీటులో (ఒక అటవీ ఉద్యోగి చూసుకునే అడవి ముక్క) జరిగిన పని, మంట లేచాక అక్కడికి నడిచి చేరుకునే ఆ ఉద్యోగి అంటే బీట్ ఆఫీసర్, అతని వెంట ఉండే ఫైర్ వాచర్లు. మన దగ్గర ఈ పనిలో ఎక్కువ భాగం సీజన్ కూలీ కింద నడుస్తోంది. అమెరికాలో ఇదే పని చేసేవాళ్ళను చాలాకాలం ‘ఫారెస్ట్రీ టెక్నీషియన్’ అని పిలిచారు. ఆ పేరు వల్ల అక్కడ ఏం జరిగిందో చూస్తే మన పరిస్థితి కూడా కొంత అర్థమవుతుంది.

అలర్టుల లెక్క, మంటల లెక్క ఒకటి కాదు

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి ‘రాష్ట్రంలో ఇన్ని వేల చోట్ల కార్చిచ్చు’ అనే వార్తలు మొదలవుతాయి. ఆ అంకెలు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇచ్చేవి. 2020 నవంబర్ నుంచి 2021 జూన్ వరకు దేశం మొత్తం మీద 3,45,989 చోట్ల మంటను శాటిలైట్ పట్టింది. 2023-24 సీజన్‌లో ఆ సంఖ్య 2,03,544. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మంటలు తగ్గిపోయాయని కొందరు, రెండు లక్షల చోట్ల అడవి తగలబడిందని మరికొందరు అంటుంటారు. రెండూ పూర్తిగా నిజం కావు.

శాటిలైట్‌లోని సెన్సర్ నేలను గళ్ళుగళ్ళుగా చూస్తుంది. పాత మోడిస్ సెన్సర్‌కు ఒక గడి అంటే కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న విర్స్ సెన్సర్‌కు 375 మీటర్లు. గడిలో చుట్టుపక్కల కంటే వేడి బాగా ఎక్కువగా ఉంటే అక్కడ ఒక చుక్క పడుతుంది. ఒకే మంట పొడవుగా పాకితే పది చుక్కలు పడవచ్చు. రెండో రోజు కూడా మండుతుంటే మళ్ళీ చుక్కలు పడతాయి. దట్టమైన కొమ్మల కింద నెమ్మదిగా కాలే చిన్న మంట ఒక్క చుక్క కూడా వేయించుకోకుండా ఆరిపోవచ్చు. పైగా విర్స్ ఉన్న శాటిలైట్ మన మీదుగా వెళ్ళేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్ళీ అర్ధరాత్రి దాటాక. మూడు గంటలకు అంటుకుని పొద్దుగూకేలోపు ఆరిన మంట దాని కంట పడదు.

కాబట్టి ఈ అంకె ఎంత అడవి కాలిందో చెప్పేది కాదు, ఎక్కడికి మనిషిని పంపాలో చెప్పేది. ఆ పనికి ఇది చాలా విలువైనది. హైదరాబాద్‌కు దగ్గరలోని షాద్‌నగర్ కేంద్రానికి శాటిలైట్ సమాచారం చేరుతుంది. అక్కడి నుంచి వచ్చిన వివరాలను ఫారెస్ట్ సర్వే సంస్థ బీటు హద్దులతో సరిపోల్చి, సంబంధిత సిబ్బంది ఫోన్లకు ఎస్ఎంఎస్ పంపుతుంది. ఈ అలర్టుల వ్యవస్థ 2004లో మొదలైంది. అంతకు ముందు పొగ కనబడితేనో, ఎవరో పశువుల కాపరి వచ్చి చెబితేనో తెలిసేది.

మంట ఎందుకు లేస్తుంది, ఎలా పాకుతుంది

నల్లమల, శేషాచలం, కవ్వాల్, అమ్రాబాద్ అడవుల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవులు. టేకు, మద్ది, చిరుమాను, వెదురు చలికాలం చివర్లో ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి కల్లా నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. నల్లమల కొండల మీద నిలువెత్తు బోదగడ్డి కూడా అప్పటికి ఎండిపోయి ఉంటుంది. అంటే కాలడానికి అంతా సిద్ధంగా ఉంది, నిప్పు ఒక్కటే కావాలి.

ఆ నిప్పు మన అడవుల్లో దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే వస్తుంది. ఎండాకాలంలో పిడుగులు పడినా వెంట వాన ఉంటుంది కాబట్టి అవి కార్చిచ్చుగా మారడం అరుదు. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఆకు తగలబెడతారు, పువ్వు స్పష్టంగా కనబడాలని. తునికాకు సీజన్‌కు ముందు లేత చిగురు బాగా వస్తుందని నిప్పు పెట్టేవాళ్ళున్నారు. కొత్త గడ్డి మొలవాలని పశువుల కాపరులు పాత గడ్డి కాలుస్తారు. పోడు చేలలో పెట్టిన మంట గట్టు దాటుతుంది. ఘాట్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆర్పకుండా విసిరిన బీడీ, వంట చేసుకుని వదిలేసిన పొయ్యి కూడా చాలు. వీటిలో దురుద్దేశంతో జరిగేవి తక్కువే. బతుకుతెరువు కోసం చేసేవి, అజాగ్రత్త వల్ల జరిగేవి ఎక్కువ. రెండింటికీ మందు ఒకటి కాదు. కేసులు పెడితే అజాగ్రత్త కొంత తగ్గుతుందేమో గానీ, పువ్వు ఏరుకునే అవసరం తగ్గదు. చెట్టు కింద వలో, పాత చీరో పరిస్తే పువ్వు దాని మీదే రాలుతుందని, నిప్పు అక్కర్లేదని చూపించడం వల్ల నిప్పు పెట్టడం తగ్గుతుంది.

మన దగ్గర లేచేవి ఎక్కువగా నేల మంటలు. ఆకు, గడ్డి కాలుతూ పోతాయి, పెద్ద చెట్ల తలలకు ఎక్కడం తక్కువ. కాలిఫోర్నియా వీడియోల్లో కనబడే తాటిచెట్టంత మంటలు ఇక్కడ సాధారణంగా కనిపించవు. అందుకే ‘ఏముందిలే, ఆకే కదా కాలేది’ అనే మాట వినిపిస్తుంది. ఆ ఆకు మంటలోనే రెండేళ్ళ, మూడేళ్ళ మొక్కలన్నీ పోతాయి. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు, తాబేళ్ళు, పాములు పోతాయి. పెద్ద చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు నష్టం తెలియదు. ఏటా అదే చోట మంట పడితే నిప్పును తట్టుకునే జాతులు, గడ్డి, లాంటానా అనే కలుపు పొద మిగులుతాయి. తర్వాతి తరం చెట్లు పైకి రావు. తొలకరి వానకు బూడిదతో పాటు పైమట్టి కూడా వాగులోకి కొట్టుకుపోతుంది.

మంట నడకను మూడు విషయాలు నడిపిస్తాయి: కాలే సరుకు, గాలి-ఎండ, నేల వాలు. ఎగువకు పాకే మంట దిగువకు దిగే మంట కంటే ఎంతో వేగంగా వెళ్తుంది. మంట నుంచి లేచే వేడి, పైన ఉన్న గడ్డిని ముందే ఆరబెట్టి సిద్ధం చేస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారుగా రెట్టింపు అవుతుందన్నది ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఇంకో లెక్క కూడా ఉంది. మంట పొడవు 1.2 మీటర్లు, అంటే దాదాపు ఛాతీ ఎత్తు దాటితే చేతి పనిముట్లతో దాని ముందు నిలబడకూడదు. శ్రీశైలం కొండల్లో ఎండిన బోదగడ్డికి గాలి తోడైతే ఈ హద్దు దాటడానికి నిమిషాలు చాలు.

అసలు పని డిసెంబర్, జనవరిలో

బీట్ ఆఫీసర్ ఉద్యోగం గురించి బయట తెలిసింది తక్కువ. సరిహద్దు రాళ్ళు చూసుకోవడం, నర్సరీ, వానాకాలం మొక్కలు నాటించడం, దొంగ నరుకుళ్ళ కేసులు రాయడం, నాలుగేళ్ళకోసారి పులుల లెక్కింపు, రోజూ గస్తీ. ఇవన్నీ ఒకే మనిషి చూడాలి, అదీ వేల ఎకరాల బీటులో. అగ్గి పని ఈ జాబితాలో ఒకటి మాత్రమే. మిగతా పనులు వాయిదా పడితే కొంత నష్టం. అగ్గి పని వాయిదా పడితే మిగతా పనులన్నీ బూడిదవుతాయి.

ఫైర్ లైన్ అంటే అడవిలో గీసిన ఖాళీ బాట. రోడ్ల పక్కన, బీటు హద్దుల మీద, ప్లాంటేషన్ల చుట్టూ సాధారణంగా అయిదు నుంచి పది మీటర్ల వెడల్పున గడ్డి, పొదలు కోసేస్తారు. కోసిన గడ్డి కొన్ని రోజులు ఎండాక, పొద్దున్నే మంచు తడి పూర్తిగా ఆరకముందే, గాలి లేనప్పుడు, చుట్టూ మనుషుల్ని నిలబెట్టి కాలుస్తారు. తర్వాత రెండు మూడు వారాలకోసారి మళ్ళీ ఊడవాలి, ఎందుకంటే చెట్లు ఆకు రాలుస్తూనే ఉంటాయి. జనవరిలో అద్దంలా ఉన్న గీత మార్చి కల్లా ఆకుతో నిండిపోతుంది. కాగితం మీద అది ఫైర్ లైనే, మంటకు మాత్రం దారి. ఇప్పుడు వీపుకు తగిలించుకునే బ్లోయర్లు వచ్చాయి కాబట్టి నలుగురు చీపుర్లతో చేసే పని ఒకరు చేయగలుగుతున్నారు. కానీ బ్లోయర్‌కు పెట్రోల్ కావాలి, దాన్ని మోసుకుని కొండెక్కే మనిషి కావాలి.

నిధుల సంగతి ఇక్కడే తగులుతుంది. అడవి మంటల నివారణకు 2017 నుంచి కేంద్ర పథకం ఒకటి నడుస్తోంది. ఎక్కువ రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఈ పనికి డబ్బు కావాల్సింది నవంబర్, డిసెంబర్ నెలల్లో. ఆర్థిక సంవత్సరం చివర్లో, మార్చిలో చేతికందిన డబ్బుతో గీతలు కోయించినా ఆ ఏడాదికి ఉపయోగం లేదు. ఎంత ఇచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఇచ్చారన్నది అంతే ముఖ్యం.

ఎస్ఎంఎస్ వచ్చాక

ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. చుక్క పడిన గడి 375 మీటర్లది కాబట్టి మంట ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఉండవచ్చు, ఈ లోపు కదిలి కూడా ఉండవచ్చు. జీపు వెళ్ళే దారి అయిపోయాక నడక. సిగ్నల్ లేని లోయలో మెసేజే ఆలస్యంగా చేరుతుంది. నల్లమలలో ఫైర్ వాచర్లుగా చెంచులను పెట్టుకోవడానికి కారణం ఇక్కడ తెలుస్తుంది. ఏ వాగు వెంట వెళితే మంటకు పక్క నుంచి చేరవచ్చో, ఎక్కడ రాతి పరుపు ఉందో, గాలి సాయంత్రం ఎటు తిరుగుతుందో వాళ్ళకు మ్యాప్ లేకుండా తెలుసు.

అక్కడికి చేరాక వాడే ప్రధాన ఆయుధం పచ్చి కొమ్మ. ఆకు దట్టంగా ఉన్న కొమ్మ విరిచి మంట అంచు మీద కొడతారు. చూడటానికి సులువుగానే ఉంటుంది. కొమ్మను ఎత్తి ఎత్తి బాదితే నిప్పురవ్వలు వెనక ఎండుగడ్డిలో పడి మరోచోట అంటుకుంటాయి. దెబ్బ తక్కువ ఎత్తు నుంచి పడాలి, పడ్డాక కొమ్మను నొక్కి పట్టి కాలిన వైపుకు ఈడ్చాలి. మంట తల, అంటే వేగంగా ముందుకు పాకే అంచు ముందు నిలబడరు. తోక దగ్గర, కాలిపోయిన నేల మీద కాలు పెట్టి మొదలుపెట్టి, రెండు పక్కలా నొక్కుకుంటూ తలను సన్నం చేస్తారు. తల మరీ పెద్దదైతే ముందున్న బాట నుంచో, వాగు నుంచో ఎదురు మంట పెడతారు. వచ్చే మంటకు కాలడానికి ఏమీ మిగలకుండా చేయడం అది. గాలి అంచనా తప్పితే ఎదురు మంటే రెండో కార్చిచ్చు అవుతుంది, కాబట్టి అనుభవం లేనివాళ్ళ చేతికి అది ఇవ్వకూడదు.

మంట ఆరినట్టు కనబడిన తర్వాత మొదలయ్యే పని ఫొటోల్లో రాదు. పడిపోయిన మొద్దు లోపల, చెట్టు తొర్రలో, ఎండిన పేడలో నిప్పు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. అంచు వెంట నడుస్తూ మొద్దును దొర్లించి, మట్టి కప్పి, అరచేతి వెనక వైపు దగ్గరగా పెట్టి వేడి ఉందేమో చూసుకోవాలి. ఆ ఓపిక లేకపోతే మర్నాడు మధ్యాహ్నం గాలికి అదే చోట మళ్ళీ లేస్తుంది. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీళ్ళు పోయించారు. పైనుంచి పడే నీళ్ళు మంట వేగాన్ని తగ్గిస్తాయి. మొద్దు కింది నిప్పును వెతికి ఆర్పలేవు.

ప్రతి మంటనూ ఆర్పడం సరైనదేనా

ఈ ప్రశ్నకు ప్రపంచంలో చాలా చోట్ల ఖరీదైన జవాబు దొరికింది. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 1935లో ఒక నియమం పెట్టుకుంది: ఏ మంట కనబడినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి తేవాలి. దశాబ్దాల పాటు చిన్న మంటలన్నీ ఆర్పేయడంతో అడవి నేల మీద ఎండు సరుకు పేరుకుపోయింది. ఆ తర్వాత లేచిన మంటలు ఆర్పడానికి వీల్లేనంత పెద్దవయ్యాయి. 1978 నాటికి ఆ నియమాన్ని వదిలేశారు.

మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. బ్రిటిష్ కాలంలో అస్సాం, బెంగాల్ సాల అడవుల్లోకి నిప్పు రానీయకుండా గట్టి కాపలా పెట్టారు. కొన్నేళ్ళకు తేమగా ఉండే చోట్ల పొదలు దట్టంగా ఎదిగి సాల మొక్కలే రావడం తగ్గింది. దాంతో చలికాలంలో ముందుగానే తక్కువ మంటతో కాల్చే పద్ధతికి మళ్ళారు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు ఏడాది మొదట్లో ఆకు మంట పెట్టేవారు, వాళ్ళ మాటలో ‘తరగు బెంకి’. 1974లో అది అభయారణ్యం అయ్యాక నిప్పును నిషేధించారు. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ లాంటానా విపరీతంగా పెరిగింది. లాంటానా వ్యాపించడానికి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ సోలిగలు మాత్రం నిప్పు ఆగిపోవడాన్నే వేలెత్తి చూపిస్తారు.

కాబట్టి జనవరిలో మంచు తడి మీద పెట్టిన మంట, ఏప్రిల్ మధ్యాహ్నం లేచిన మంట ఒకటే కాదు. మొదటిది కాలు పెట్టి ఆర్పేంత చిన్నది, రెండోది వేర్ల దాకా కాలుస్తుంది. ఈ తేడా తెలిసి, ఎక్కడ కాల్చాలో, ఎక్కడ అసలు కాల్చకూడదో నిర్ణయించేది నేల మీద పనిచేసే మనిషి. అలా నిర్ణయించాలంటే ఆ మనిషి అదే అడవిలో పదేళ్ళు ఉండాలి, మూడు నెలలు కాదు.

‘టెక్నీషియన్’ అన్న పేరు వెనక

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం కింద కార్చిచ్చులు ఆర్పేవాళ్ళలో ఎక్కువమందికి 2022 దాకా అధికారిక హోదా ‘ఫారెస్ట్రీ టెక్నీషియన్’గా ఉండేది. చెట్లు కొలవడం, విత్తనాలు సేకరించడం, కాలిబాటలు బాగుచేయడం వంటి పనులకు పెట్టిన పేరు అది. వేసవి మొత్తం మంటల ముందు గడిపినా కాగితం మీద వాళ్ళు ఫైర్‌ఫైటర్లు కారు. పట్నాల్లో ఫైరింజన్ మీద పనిచేసేవాళ్ళతో పోలిస్తే జీతం తక్కువగా ఉండేది. 2021లో గంటకు కనీసం 15 డాలర్లు ఉండేలా పెంచాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఎంత తక్కువో ఊహించవచ్చు. చాలామంది మానేసి వేరే ఉద్యోగాలకు వెళ్ళారు.

2021 నవంబర్‌లో వచ్చిన మౌలిక వసతుల చట్టం ఈ పనికి ప్రత్యేక ఉద్యోగ శ్రేణి పెట్టమని ఆదేశించింది. 2022 జూన్‌లో ఆ కొత్త శ్రేణి వచ్చింది. తాత్కాలికంగా మూల వేతనంలో సగం గానీ, ఏడాదికి 20,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది అదనంగా ఇచ్చారు. 2025లో వేతన సవరణను శాశ్వతం చేశారు. మార్పు అంతా ఒక పేరుతో మొదలైంది. పని చేస్తున్నది ఎవరో కాగితం మీద ఒప్పుకుంటే గానీ దానికి తగ్గ జీతం, ఆరోగ్య రక్షణ గురించి మాట్లాడటానికే వీలు కాలేదు.

మన బీట్ ఆఫీసర్ శాశ్వత ఉద్యోగి, ఆ మాటకొస్తే అమెరికా సీజన్ టెక్నీషియన్ కంటే భద్రంగానే ఉన్నాడు. ఇంటర్మీడియట్ చదువు, రాత పరీక్ష, తర్వాత నడక పరీక్ష: పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. శిక్షణ తెలంగాణలో దూలపల్లి అకాడమీలో, ఆంధ్రప్రదేశ్‌లో దివాన్‌చెరువు అకాడమీలో. పరీక్ష కష్టమైనదే, కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు ఒక్కసారే. అమెరికాలో దాదాపు 20 కిలోల బరువు వీపున వేసుకుని 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడిచే పరీక్ష ఏటా ఉంటుంది. అది పాసై, ఏటా భద్రతా శిక్షణ తీసుకుంటేనే మంట దగ్గరికి పంపుతారు.

అసలు తేడా బీట్ ఆఫీసర్ పక్కన నిలబడే ఫైర్ వాచర్ దగ్గర కనబడుతుంది. ఫిబ్రవరిలో పెట్టుకుంటారు, వానలు పడగానే పని అయిపోతుంది. పచ్చి కొమ్మ ఎలా కొట్టాలో, ఎదురు మంట ఎప్పుడు పెట్టకూడదో నేర్చుకున్న మనిషి జూన్‌లో కూలికో, వలసకో వెళ్ళిపోతాడు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాడో లేదో తెలియదు. దీనివల్ల ఆ మనిషికి జరిగే నష్టం ఒకటైతే, అడవి నేర్చుకున్న మనిషిని పోగొట్టుకోవడం మరొకటి. ఫైర్ లైన్ల కోత, నర్సరీ, లాంటానా తొలగింపు, గస్తీ కలిపితే ఏడాది పొడవునా సరిపోయే పని అక్కడే ఉంది.

ప్రాణాల మాట

2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్ళినవాళ్ళు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిస్సూర్ జిల్లా కొట్టంబత్తూర్‌లో ముగ్గురు వాచర్లు, 2024 జూన్ 13న ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంలో అక్కడికక్కడే నలుగురు సిబ్బంది మంటలు ఆర్పబోయి ప్రాణాలు కోల్పోయారు. అమెరికాలో శిక్షణ, పరికరాలు అన్నీ ఉన్న బృందంలో కూడా 2013లో అరిజోనాలోని యార్నెల్ హిల్ దగ్గర 19 మంది ఒకేసారి చనిపోయారు. పరికరాలుంటే ప్రమాదం పూర్తిగా పోదు, లేకపోతే మాత్రం చాలా పెరుగుతుంది.

అక్కడ నాలుగు నియమాలు ప్రతి బృందానికీ నేర్పుతారు: ఎత్తున ఒకరు నిలబడి మంటను కనిపెడుతూ ఉండాలి, అందరి మధ్యా మాట అందాలి, తప్పించుకునే దారి ముందే చూసుకోవాలి, ఆ దారి చేరే చోటు నిజంగా సురక్షితమై ఉండాలి. చాలాసార్లు ఆ చోటు అప్పటికే కాలిపోయిన నేలే. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. వాకీటాకీలు, బూట్లు, నూలు బట్టలు కావాలి. బట్ట సంగతి చిన్నదిగా అనిపిస్తుంది, కానీ పాలిస్టర్ కలిసిన టెర్రీకాట్ యూనిఫాం వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. మంట దగ్గరికి పంపే మనిషికి మందపాటి నూలు చొక్కా ఇవ్వడం మొట్టమొదటి పని కావాలి.

ఎండాకాలం మరో టెన్షన్ ఎన్నికలు. మంటల సీజన్‌లోనే పోలింగ్ పడితే అటవీ సిబ్బందినీ డ్యూటీకి లాగుతారు. 2024 మేలో ఉత్తరాఖండ్ మంటల కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే అడిగింది: అడవి తగలబడుతుంటే సిబ్బందిని ఎన్నికల పనికి ఎందుకు పంపారని.

రోడ్డు మీద నుంచి పొగ చూసినవాళ్ళు

ఫారెస్ట్ సర్వే పోర్టల్‌లో ఫోన్ నంబర్ నమోదు చేసుకుంటే మామూలు పౌరులకూ అలర్టులు వస్తాయి. అడవి పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఇది పనికొస్తుంది. శాటిలైట్ పట్టని మంటల గురించి చెప్పగలిగేది మాత్రం ఆ దారిన వెళ్ళేవాళ్ళే. ఫోన్ చేసినప్పుడు ‘కొండ మీద పొగ’ అంటే సరిపోదు. ఏ రోడ్డు, ఎన్నో కిలోమీటరు రాయి, రోడ్డుకు ఏ వైపు, మంట ఎగువకు పోతోందా దిగువకా, గాలి ఎటు వీస్తోంది, వాగు గానీ గుడి గానీ దగ్గర్లో ఏముంది. ఈ ఆరు ముక్కలు అవతలి బీట్ ఆఫీసర్‌కు గంట నడక తప్పించవచ్చు.